మీ ఊరి చరిత్ర మీద ఒక పూట ప్రోగ్రాం పెట్టాలంటే: మొదట్నుంచి చివరిదాకా

ఊరి చరిత్ర ప్రోగ్రాం అనగానే మనోళ్ళకి గుర్తొచ్చేది షామియానా, స్టేజీ, ఆరుగురు అతిథులు, ఆరు శాలువాలు. మేం కూడా మొదటిసారి అట్లాగే పెట్టాం. ముఖ్య అతిథి రెండు గంటలు లేటు, ఉప్మా చల్లారిపోయింది, మైకులో ఒకాయన శాతవాహనుల దగ్గర మొదలుపెట్టి మా ఊరి పేరు ఎత్తేసరికే పన్నెండున్నర అయింది. ఆ గోలలో ఒక మామ్మ తువ్వాలులో చుట్టుకుని ఒక ఫ్రేము కట్టిన ఫోటో తెచ్చి గేటు దగ్గర నిలబడి "ఇది ఎవరికి చూపించాలి నాయనా" అని అడిగింది, చూపించడానికి అక్కడ ఎవరూ లేరు, కూర్చోబెట్టడానికి కుర్చీ కూడా లేదు, ఆవిడ కాసేపు చూసి ఇంటికెళ్ళిపోయింది. రెండో ఏడు మేం స్టేజీ పూర్తిగా తీసేసి, దాని ప్లేస్‌లో ఒక పెద్ద టేబుల్, స్కానర్, నాలుగు కుర్చీలు వేశాం. కింద రాసేదంతా ఆ టేబుల్ చుట్టూ తిరిగేదే. మాది చీరాల వైపు, కాబట్టి ఉదాహరణలు ఎక్కువ అటువే ఉంటాయి, మీరు మీ ఊరికి మార్చుకోండి.

ముందు తారీఖు

కోస్తాలో అయితే సంక్రాంతిని మించిన టైం లేదు, హైదరాబాద్, బెంగళూరు, డల్లాస్ ఎక్కడున్నోళ్ళయినా వచ్చేది అప్పుడే. కాకపోతే భోగి, పండగ రెండ్రోజులూ ఎవరూ రారు, కనుమ రోజు మాంసం, కోడిపందేలు, ఇంక చరిత్ర ఎవడిక్కావాలి. ముక్కనుమ పొద్దున పెట్టండి, సాయంత్రం బస్సు ఎక్కేవాళ్ళు కూడా ఉంటారు. తెలంగాణలో అయితే దసరా తర్వాతి రోజులు. ఊళ్ళో మంచి లైబ్రరీ ఉంటే నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, వాళ్ళకీ ప్రోగ్రాములు కావాలి కాబట్టి హాలు ఈజీగా ఇస్తారు. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం అని కొంతమంది అదే పట్టుకుంటారు గానీ ఆ ఎండలో ముసలోళ్ళని నడిపించడం పాపం.

తారీఖుకి రెండు నెలల ముందు పని మొదలెట్టాలి. నెల సరిపోద్ది అనుకుంటే సరిపోదు, మేం అనుకున్నాం.

మనుషులు

ఆరేడుగురు చాలు. ఒక రిటైర్డ్ మాస్టారు, పాత కరణం ఇంటివాళ్ళలో ఒకరు (కాగితాలు ఏ ఇంట్లో ఉంటాయో వాళ్ళకి తెలుసు), ఫోను, స్కానరు బాగా వచ్చిన ఇద్దరు పిల్లలు, ఇంటింటికీ వెళ్ళి మాట్లాడగలిగే ఒక ఆడమనిషి. ఆమె లేకపోతే సగం ఊరి చరిత్ర మీకు రాదు, ఎందుకంటే వంటింట్లో ఉన్న ట్రంకుపెట్టె తాళం మీకెవరూ ఇవ్వరు.

ఇంకో రూలు, ఊళ్ళో ఎన్ని పేటలుంటే అన్ని పేటల నుంచీ ఒక్కరన్నా టీమ్‌లో ఉండాలి. పిలవడానికి కాదు, పనిచేయడానికి. మేం మొదటిసారి గుడి, చెరువు, కరణం గారి లోగిలి చూపించి ఇదే ఊరి చరిత్ర అన్నాం, పల్లెలో (దళితవాడలో) క్రైస్తవ మిషన్ బడి ఒకటుందన్న సంగతే రాసుకోలా. మా వైపు ఊళ్ళలో చాలామంది మొదటి అక్షరం దిద్దింది ఆ బళ్ళలోనే.

చదువుకోవాల్సినవి

ఇక్కడ కొంచెం టైం పెట్టండి, ప్రోగ్రాం బరువు ఇక్కడే వస్తది.

కైఫియత్తులు మొదటివి. కాలిన్ మెకంజీ అని ఒక సర్వేయరు, 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు, ఆయన దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య అన్నదమ్ములూ మిగతా మనుషులూ ఊరూరా తిరిగి కరణాల దగ్గరున్న కవిలెలు (ఊరి పాత లెక్కల పుస్తకాలు) చూసి, పెద్దల్ని అడిగి రాయించుకున్న ఊరి చరిత్రలివి. 1821లో మెకంజీ పోయాడు, తర్వాత సి.పి. బ్రౌన్ వాటికి నకళ్ళు తీయించాడు. కడప జిల్లావి కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం వాళ్ళు పుస్తకాలుగా వేశారు, మిగతా జిల్లాలవీ కొన్ని అచ్చయ్యాయి. మీ ఊరు లేకపోయినా పక్క ఊరు దొరకొచ్చు. భాష చూసి భయపడకండి, చుక్కా కామా ఉండదు, ఊపిరి తీసుకోకుండా సాగుద్ది, రెండు పేజీలు గట్టిగా పైకి చదివితే అలవాటు పడతది.

తర్వాత జిల్లా మాన్యువళ్ళు, అంటే బ్రిటిష్ కాలంలో ఒక్కో జిల్లా గురించి వేసిన పుస్తకాలు. నెల్లూరుది 1873, గోదావరిది 1878, కృష్ణాది 1883, కర్నూలుది 1886, అన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, నెట్లో ఫ్రీగా చదవొచ్చు. వెతికేటప్పుడు ఒక మెలిక ఉంది, జిల్లా పేరు. చీరాల తీసుకోండి, ఒకప్పుడు కృష్ణా జిల్లా, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడితే అందులోకి, 1970లో ఒంగోలు జిల్లా (తర్వాత ప్రకాశం అన్నారు), 2022లో బాపట్ల. అంటే మీరు ప్రకాశం జిల్లా అని వెతికితే 1970కి ముందుది ఒక్క ముక్క దొరకదు. ఒంగోలు శాసనాలు కావాలంటే 1905లో అచ్చయిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాల్లో చూడాలి, ఎందుకంటే అవి సేకరించేనాటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉంది. ముందు మీ ఊరు ఏ ఏడు ఏ జిల్లా, ఏ తాలూకానో ఒక కాగితం మీద రాసుకుని అప్పుడు మొదలెట్టండి.

శాసనాలకి సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ అనే సంపుటాలున్నాయి, అందులో 10వది పూర్తిగా తెలుగు శాసనాలే. తెలంగాణ వాళ్ళకి లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో వేసిన తెలంగాణ శాసనములు ఉంది. భూముల సంగతికి ఆంధ్రాలో పాత సెటిల్మెంట్ రిజిస్టర్లు, ఇనాం రిజిస్టర్లు, తెలంగాణలో సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ, అన్నీ ఏ భూమి ఎవరిదో రాసిన పాత రికార్డులే. ఇవి చరిత్రకి బంగారం, ప్రోగ్రాంలో మాత్రం బాంబు, ఎందుకో కింద చెప్తా.

పాత పేపర్లకి మా వైపు అదృష్టవంతులం, వేటపాలెం సారస్వత నికేతనం ఉంది, 1918లో పెట్టింది, పాత పత్రికలు జాగ్రత్త చేసిన చోటు. హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం (1901), రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం. వెళ్ళేముందు ఫోన్ చేసి వెళ్ళండి, పెన్సిల్ తీసుకెళ్ళండి.

పెద్దవాళ్ళ దగ్గర కూర్చోవడం

ప్రోగ్రాం రోజు మైకు ఇస్తే ముసలోళ్ళు మాట్లాడలేరు, మాట్లాడినా అందరూ విన్నదే చెప్తారు. ముందే ఇంటికెళ్ళి రికార్డ్ చేయాలి. ఫోను చాలు, కాలర్‌కి పెట్టే చిన్న మైకు ఒకటి కొనుక్కుంటే ఇంకా మంచిది. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, ఫ్యాన్ ఆపించండి, కుక్కర్ విజిల్ పడే టైంలో వెళ్ళొద్దు. రికార్డ్ మొదట్లోనే పేరు, తారీఖు, "దీన్ని అందరికీ వినిపించొచ్చా" అని అడిగి, వాళ్ళ ఒప్పుకోలు వాళ్ళ గొంతులోనే పట్టుకోండి.

"ఊరి చరిత్ర చెప్పండి" అని మాత్రం అడగొద్దు. "నాకేం తెలుసు నాయనా, నేనేం సదూకున్నానా" అంటారు, ఇంక అక్కడితో అయిపోయినట్టే. "మామ్మా, నువ్వు కాపరానికి వచ్చేటప్పుడు బండి మీద వచ్చావా బస్సు మీద వచ్చావా", "బండి ఏ దారిన వచ్చింది", "నీళ్ళు ఎక్కణ్ణించి తెచ్చేవాళ్ళు", "కరెంటు ముందు ఎవరింటికి వచ్చింది", "దివిసీమ ఉప్పెన నాడు ఎక్కడ తలదాచుకున్నారు". ఆ చివరి ప్రశ్న ఊరికే రాయలా, 1977 నవంబర్ 19 అని మనకి పక్కాగా తెలిసిన తారీఖు అది. వాళ్ళకి ఏళ్ళు గుర్తుండవు, ఉప్పెనకి ముందా వెనకా, పెద్దోడు కడుపులో ఉన్నాడా పుట్టాడా అన్నది బాగా గుర్తుంటది. సాగర్ కాలవలకి నీళ్ళు వదిలింది 1967, తెలంగాణలో పోలీసు యాక్షన్ 1948 సెప్టెంబర్, ఇట్లాంటి మేకులు ఒక ఏడెనిమిది కొట్టుకుని మిగతావన్నీ వాటికి తగిలించండి.

మాకు జరిగింది ఒకటి చెప్తా. ఒక తాత "మా ముత్తాత ధాత కరువులో కాలవ తవ్వను పోయాడంట, కూలికి గింజలిచ్చారంట, ఆడే మతంలో కలిశాడంట" అన్నాడు. మామూలుగా అయితే ముసలాయన ఏదో చెప్పాడు అని వదిలేస్తాం. ధాత అంటే ప్రభవతో మొదలయ్యే అరవై తెలుగు సంవత్సరాల్లో పదోది. ప్రభవ 1987లో వచ్చింది, 1927లో వచ్చింది, 1867లో వచ్చింది. 1867కి తొమ్మిది కలిపితే 1876. మద్రాసు రాజధానిలో పెద్ద కరువు 1876-78. ఆ కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషన్ నడిపిన అమెరికన్ మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ ముక్క తవ్వే కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని ఇచ్చాడు, 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు, ఇది రికార్డుల్లో ఉన్నదే. తాత చెప్పిన మూడు ముక్కలూ అతికాయి. ఆ లెక్క ఆయన ముందే కాగితం మీద వేసి చూపిస్తే చాలాసేపు కాగితం వంకే చూస్తూ కూర్చుని "అయితే అబద్ధం కాదన్నమాట" అన్నాడు. గుంటూరు వైపు నందన కరువు అని వింటారు, అది 1832-33, అదే డొక్కల కరువు.

పాత కాగితాల మీద ఫసలీ ఏడు (రెవెన్యూ లెక్కల్లో వాడే ఏడు) ఉంటే 590 కలపండి, ఫసలీ 1330 అంటే 1920-21. శక సంవత్సరానికి 78. హిజ్రీకి మాత్రం ఇట్లా కూడికలు పనికిరావు, చాంద్రమానం కాబట్టి నెట్లో కన్వర్టర్ వాడండి.

రాళ్ళ సంగతి

ప్రతి ఊళ్ళో ఏదో ఒక రాయి ఉంటది. వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలబెట్టిన రాయి), నాగశిల, గుడి ముందు శాసనం, లేదా బట్టలుతికే బండగా మారిన శాసనం. చదవాలని ఉత్సాహంతో సుద్దముక్క రుద్దడం, నూనె పూయడం, యాసిడ్‌తో కడగడం, వైరు బ్రష్ పెట్టడం, ఏదీ చేయొద్దు. సాయంత్రం చీకటి పడ్డాక టార్చిలైటు రాయికి ఒక పక్కన దాదాపు ఆనించి, ఏటవాలుగా వేయండి, పొద్దున కనపడని అక్షరాలు నీడ పడి లేచి నిలబడతాయి. నాలుగు పక్కల నుంచి లైటు మార్చి నాలుగు ఫోటోలు. కాగితం తడిపి బ్రష్‌తో కొట్టి సిరాతో అచ్చు తీసే పద్ధతి ఉంది గానీ అది శాసన శాఖ వాళ్ళ పని, మనం రాయి పాడుచేస్తాం. ఒక ఊళ్ళో గుడి కమిటీ వాళ్ళు భక్తి ఎక్కువై శాసనానికి సిల్వర్ పెయింట్ కొట్టించారు, అక్షరాలు మొత్తం పూడిపోయాయి, ఇంకేం చదువుతాం.

చదవడం రాకపోయినా పైన సూర్యుడు, చంద్రుడు ఉన్నాయేమో చూడండి, ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులున్నంత కాలం ఈ దానం చెల్లుద్ది అని. చివర్లో చాలా వాటికి శాపం ఉంటది, ఇచ్చిన భూమి లాక్కున్నోడు అరవై వేల ఏళ్ళు పెంటలో పురుగై పుడతాడు అని శ్లోకం. ఇది పిల్లలకి చదివి వినిపించండి, వంశావళి మొత్తం మర్చిపోతారు గానీ ఈ పురుగుని మాత్రం జన్మలో మర్చిపోరు.

ఊరి పక్కన పాటిదిబ్బ ఉంటే (పాటిమట్టి అని పొలాలకి తోలుకుంటారే, అది) అది పాత ఊరు. పెంకులు, పూసలు పైన కనపడతాయి. ఫోటో తీయండి, తవ్వకండి. భూమిలో నిధి లాంటిది ఏది దొరికినా, విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి చెప్పాలని 1878 నాటి చట్టం ఇప్పటికీ ఉంది, వాట్సాప్ స్టేటస్ పెట్టేముందు అది గుర్తుంచుకోండి.

నడక

పొద్దున ఆరున్నరకి, కిలోమీటరున్నర దాటకుండా, ఆరేడు ఆగే చోట్లు, గంటన్నర. ఒక చెప్పేవాడికి పాతికమంది, అంతకంటే ఎక్కువైతే రెండు బ్యాచ్‌లు. ప్రతి చోటా ఐదు నిమిషాలు, అంతే. రెండ్రోజుల ముందు ఒక ముసలాయన్ని, ఒక చిన్నపిల్లని వెంటబెట్టుకుని మొత్తం నడిచి చూడండి, ఎక్కడ నీడ లేదో, ఎక్కడ కుక్కలున్నాయో, బాత్రూమ్ ఎక్కడో అప్పుడే తెలుస్తది.

ఆగే చోటు అంటే గుడే అక్కర్లా. చీరాల్లో నన్నడిగితే చీరాల-పేరాల కథ నడిచి చెప్పాల్సిన కథ. రెండు ఊళ్ళనీ కలిపి మునిసిపాలిటీ చేశారు, పన్నులు పెరిగాయి, జనం కట్టం అన్నారు, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద ఇళ్ళకి తాళాలేసి ఊరి బయట పాకలేసుకున్నారు, దానికి రామనగర్ అని పేరు, దాదాపు 11 నెలలున్నారు. కాపలాకి, క్రమశిక్షణకి రామదండు అనే వలంటీర్ల దళం. హాల్లో కూర్చోబెట్టి ఇది చెప్తే పాఠం. అదే ఒక పాత ఇంటి గడప దగ్గర నిలబెట్టి "ఈ తలుపుకి తాళమేసి, పిల్లల్ని, గేదెల్ని, మగ్గం సామాను తోలుకుని పోయారనుకోండి, వానాకాలం కూడా పాకలోనే" అని చెప్తే, మన పక్కనున్నోడు "మా నాయనమ్మ వాళ్ళు కూడా పోయారు" అంటాడు. అనగానే వాడి పేరు, ఫోన్ నెంబరు రాసుకోవాలి, చెప్పేవాడి పక్కన అందుకోసమే ఒక మనిషి నోట్‌బుక్‌తో ఉండాలి.

"రాముడు ఇక్కడ బాణం వేశాడు" లాంటి కథలొస్తాయి. వాదించొద్దు, ఎగతాళి అసలొద్దు. "అని చెప్పుకుంటారు" అనే మాట చేర్చి చెప్పండి, శాసనంలో ఉన్నదాన్ని "శాసనంలో ఉంది" అనండి. ఈ రెండూ కలవకుండా చూసుకుంటే చాలు.

టేబుల్

నడక అయ్యాక టిఫిన్, తర్వాత టేబుల్. స్కూల్ హాలు బెస్ట్, హెడ్మాస్టర్ గారి పర్మిషన్ కాగితం ముందే తీసుకోండి. పంచాయతీకి, మైకు ఉంటే పోలీస్ స్టేషన్‌కి ఒక లెటర్. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడమైతే లోపల ప్రోగ్రాంకి వేరే పర్మిషన్ కావాలి, అది టైం పట్టుద్ది, అందుకే బయట పెట్టుకోవడమే సుఖం.

వారం ముందు నుంచే ఇంటింటికీ చెప్పాలి, ఫోటోలు, శుభలేఖలు, పాత ఉత్తరాలు, రేషన్ కార్డులు, తాటాకులు, తూకంరాళ్ళు, మగ్గం సామాను, ఏదైనా తెండి, మేం తీసుకోం, కాపీ తీసుకుని అక్కడికక్కడే ఇచ్చేస్తాం అని. "తీసుకోం" అన్న మాట నాలుగుసార్లు చెప్పండి. ఒక్క ఫోటో ఒక్క రాత్రి మీ ఇంట్లో ఉన్నా మాట వస్తది.

వచ్చినవాళ్ళకి టోకెన్ నెంబరు, ఆ నెంబరే కవరు మీద, ఆ నెంబరే ఫైలు పేరులో. ఫోటో వెనక పెన్నుతో రాయొద్దు, కవరు మీదే రాయండి. స్కాన్ 600 డీపీఐలో పెట్టండి, వెనక వైపు కూడా స్కాన్ చేయండి, స్టూడియో ముద్ర ఉంటది, అదొక్కటే సగం తారీఖు చెప్పేస్తది. ఎడమ నుంచి కుడికి ఎవరెవరో పేర్లు అడిగి రాయండి. పెళ్ళి శుభలేఖ ఉంటే వదలొద్దు, సంవత్సరం పేరు, తిథి, వారం, ఇంగ్లీషు తారీఖు, బంధువుల పేర్లు, ఊర్లు అన్నీ ఒకే కాగితంలో ఇంకెక్కడ దొరుకుతాయి.

రెండో ఏడు ఆ మామ్మ మళ్ళీ వచ్చింది, అదే తువ్వాలు, అదే ఫ్రేము. చెమ్మకి ఫోటో అద్దానికి అంటుకుపోయింది. మా కుర్రాడు ఊడదీయబోయాడు, మాస్టారు చెయ్యి పట్టుకుని ఆపారు. అంటుకున్న ఫోటో ఎప్పుడూ లాగొద్దు, బొమ్మ మొత్తం అద్దంతోనే వచ్చేస్తది. ట్యూబ్‌లైటు ఆపి, కిటికీ పక్క వెలుతురులో పెట్టి, ఫోను వెనక ఇద్దరు నల్లదుప్పటి పట్టుకుంటే అద్దంలో మన మొహం పడదు, అట్లా అద్దం మీదుగానే తీశాం. ఫోటోలో పదిహేనేళ్ళ పిల్ల, కొత్త పెళ్ళికూతురు, పక్కన ఖాళీ కుర్చీ. "ఆయన సిగ్గుపడి కూర్చోలా" అంది.

గొడవలు

వస్తాయి. పొలం గట్ల మీద, ఇనాం భూముల మీద, ఏ ఇంటిపేరు వాళ్ళు ముందొచ్చారన్న దాని మీద. అందుకే భూమి రిజిస్టర్లు చదువుకోండి గానీ ఎవరి సర్వే నెంబరూ బయట ప్రదర్శించొద్దు అంటున్నా. కులం పేరుతో పాత కాగితాల్లో చెడ్డ మాటలుంటాయి, వాటిని ఫ్లెక్సీ మీద యథాతథంగా పెట్టకండి. ఇంకా రాజకీయ నాయకుల్ని పిలవాల్సి వస్తే అందరితోపాటు నడకకి పిలవండి, మైకు ఇవ్వకండి. పొద్దున ఆరున్నరకి వచ్చేవాడు నిజంగా ఇష్టపడే వస్తాడు.

ఖర్చు సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నా, రెండో ఏడు మాకు 11 వేలు లోపే అయింది, అందులో ఎక్కువ టిఫిన్లకే, స్కానర్ అరువు, స్టేజీ లేదు కాబట్టి శాలువాలూ లేవు.

అయిపోయాక

అసలు పని ఇప్పుడే, చాలామంది ఇక్కడే వదిలేస్తారు. ఆ వారంలోనే ఫైళ్ళన్నీ మూడు చోట్ల పెట్టండి, ఒక హార్డ్ డిస్క్ మీ దగ్గర, ఒకటి లైబ్రరీలోనో స్కూల్లోనో, ఒకటి క్లౌడ్‌లో. వాట్సాప్ గ్రూపులో మామూలుగా పంపితే ఫోటో చితికిపోద్ది, డాక్యుమెంట్‌గా పంపండి. టోకెన్ నెంబరు, ఇంటివాళ్ళ పేరు, పేట, సంవత్సరం, ఫోటోలో ఎవరు, ఇంత ఎక్సెల్ షీట్ చాలు, ఫోన్ నెంబర్లు ఉన్న కాలమ్ మాత్రం బయటికి ఇవ్వొద్దు. డల్లాస్ బ్యాచ్‌కి ఈ షీట్ పంపి పేర్లు తెలియని ఫోటోలు అడగండి, వాళ్ళకి రాత్రిళ్ళు నిద్ర పట్టదు, రెండ్రోజుల్లో సగం చెప్పేస్తారు.

నెలలోపు ఫోటో ఇచ్చిన ప్రతి ఇంటికీ ఒక మంచి ప్రింటు తీసుకెళ్ళి చేతికివ్వండి. వెళ్ళేటప్పుడు సంచిలో స్కానరు, ఖాళీ కవర్లు, పెన్సిలు పెట్టుకోండి, మామ్మ ఇంట్లో మేం ప్రింటు ఇచ్చి లేవబోతుంటే "కూర్చోండి, ఆయన కూర్చున్న ఫోటో కూడా ఉంది" అని మంచం కిందనుంచి ట్రంకుపెట్టె లాగింది, మా దగ్గర ఫోను తప్ప ఏమీ లేదు.